ఆదివారం మ్యాట్నీకి 22 టికెట్లు ఉన్నాయి, డబ్బులక్కర్లేదు

ముందే విషయం చెప్పేస్తాను, ఓపికున్నవాళ్ళు తరవాత మిగతాది చదువుకోవచ్చు. వచ్చే ఆదివారం మ్యాట్నీకి, ఒడిశాలోని మన బరంపురంలోనే, తెలుగు షోకి, నా దగ్గర 22 టికెట్లు ఉన్నాయి. ఊరికే ఇచ్చేస్తున్నాను. ఊరికే అంటే నిజంగా ఊరికేనే, తరవాత ఏదో స్కీములో చేరమని ఫోన్ చెయ్యను, అప్పడాలు కొనమనను. షరతు మాత్రం ఒకటుంది. అది లేకపోతే నిన్న సాయంత్రానికే అన్నీ అయిపోయేవి.

సినిమా పేరు రాయను. మీకు తెలుసు. పాత బస్టాండు నుంచి టాటా బెంజ్ స్క్వేర్ దాకా గోడ ఖాళీ లేకుండా అంటించారు, ట్రైలర్లో కొండంత రాక్షసుడు, నీళ్ళ కింద కోట, మధ్యలో ఒళ్ళంతా మట్టితో మన హీరో. పేరు రాశాననుకోండి, ఇంకో హీరో అభిమానులు వచ్చి ‘మావాడి సినిమాకి ఎందుకు పంచలేదు’ అంటారు, వాళ్ళకి సమాధానాలు చెప్పుకునే ఓపిక నాకు లేదు. ఫాంటసీ సినిమా, మూడు గంటలకి కాస్త తక్కువ, అంతవరకు చాలు.

టికెట్లు నా దగ్గరకి ఎలా వచ్చాయంటే, మా వీధిలో ఆడవాళ్ళం చిట్టీ వేసుకుంటాం. లెక్కల పుస్తకం నా దగ్గర ఉంటుంది. పాటలో మిగిలే చిల్లర పంచుకోకుండా పక్కన పెట్టి, ఏడాదికోసారి అందరం కలిసి ఎక్కడికైనా వెళ్తాం. ఒక ఏడు తారాతారిణి కొండ, ఇంకో ఏడు గోపాలపురం సముద్రం, అలా. ఈసారి సినిమా అనుకున్నాం, నేనే వెళ్ళి కౌంటర్లో 24 తెచ్చాను. తీరా చూస్తే మా మూడో ఇంటి అప్ప కూతురికి ఇచ్ఛాపురం సంబంధం ఖాయమై, అబ్బాయి గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడని, మళ్ళీ ఎప్పుడొస్తాడో ఏమోనని, అదే ఆదివారం తాంబూలాలు పెట్టేశారు. వీధి వీధంతా బస్సులో అటు పోతోంది. నేను వెళ్ళడం లేదు, మా అత్తగారి మోకాళ్ళు బస్సెక్కనివ్వవు, ఆవిణ్ణి ఒక్కర్తినీ వదిలేసి వెళ్ళలేను. కాబట్టి మా ఇద్దరికీ రెండు తీసేస్తే 22. హాలువాళ్ళు ఒకసారి ఇచ్చిన టికెట్ వెనక్కి తీసుకోం అన్నారు. మా చిట్టీలో ఒకావిడ ‘హౌస్‌ఫుల్ బోర్డు పడ్డాక గేటు దగ్గర నిలబడితే రెట్టింపుకి పోతాయి కదా’ అంది. పోతాయి. దాన్ని బ్లాక్ అంటారు పిన్నీ అన్నాను. ఇచ్చేద్దాం, పుణ్యమైనా వస్తుంది అని మిగతావాళ్ళు ఒప్పుకున్నారు, కాకపోతే ఎవరికివ్వాలో తేల్చడం నా నెత్తిన పెట్టారు.

ఇక షరతు. ఒంటరిగా ఎవరికీ ఇవ్వను. జంటలుగా ఇస్తాను, 11 జంటలు. జంట అంటే మొగుడూ పెళ్ళాం కాదు. ఒక పెద్దవాళ్ళు, ఒక పిల్ల. అమ్మమ్మా మనవడూ, తాతా మనవరాలూ, పక్కింటి మామ్మగారూ మీ అబ్బాయీ, ఎవరైనా సరే. వయసు సర్టిఫికెట్లు అడగను. పెద్దవాళ్ళు ఈమధ్య హాల్లో అడుగు పెట్టనివాళ్ళయితే మంచిది, పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్ళో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుతున్నవాళ్ళయితే ఇంకా మంచిది. మన ఊళ్ళో అలాంటి పిల్లలకి కరువా?

ఎందుకీ మెలిక అంటారేమో. కారణం టికెట్లలో లేదు, బోర్డులో ఉంది. ఆ హాలు ముందు బోర్డు చూశారా? ఇది తెలుగులో తీసిన సినిమా, తెలుగు దర్శకుడు, తెలుగు హీరో, కానీ ఈ ఊళ్ళో హిందీకి నాలుగు షోలు, తెలుగుకి ఒకటి. అదీ మ్యాట్నీ. హాలువాళ్ళని తిట్టి లాభం లేదు, ఎక్కువమంది దేనికొస్తే దానికే షో వేస్తారు, వాళ్ళకీ కరెంటు బిల్లుంటుంది. మొదటి శని ఆదివారాలు చూసి, జనం పల్చగా ఉన్న వెర్షన్‌ని సోమవారం నుంచి పీకేస్తారు. పెద్ద సినిమాలు ఇన్ని భాషల్లో ఒక్కసారే దింపడం మొదలయ్యాక మనకి జరిగింది ఇదే. ఇదివరకు తెలుగు సినిమా వచ్చిందంటే తెలుగులోనే వచ్చేది, ఒడియా స్నేహితులు కూడా మనతో కూచుని తెలుగులోనే చూసి, పాటలు తెలుగులోనే పాడేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు హిందీలో చూస్తారు, తప్పేం లేదు, వాళ్ళతో పాటు మన పిల్లలూ హిందీకే పోతారు, అక్కడే చిక్కు. ఇంట్లో పెద్దవాళ్ళకి హిందీ రాదు. కాబట్టి వాళ్ళు టీవీ ముందు. ఒకే ఇంట్లో ఒకే సినిమాని మనవడు హాల్లో హిందీలో, నానమ్మ ఎప్పుడో ఆరునెలల తరవాత టీవీలో యాడ్ల మధ్య తెలుగులో చూస్తారు. ఇద్దరూ కలిసి దాని గురించి మాట్లాడుకునేది ఏం ఉంటుంది?

వ్యాపారం లెక్కల్లో కూడా మన సంగతి చూడండి. ప్రతి సోమవారం మా తమ్ముడు ఏరియాల వారీగా కలెక్షన్లు చదువుతుంటాడు, నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర ఇంత, ఈస్టు, వెస్టు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీవాళ్ళకి రాసిచ్చిన జిల్లాలు, ఆ దత్తమండలాన్ని సినిమావాళ్ళు ఇప్పటికీ సీడెడ్ అనే పిలుస్తారు, అంత పాత పేర్లు కూడా మర్చిపోలేదు. మనం మాత్రం 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు ఒడిశాలోకి వచ్చేసినవాళ్ళం కదా, మనకి పేరు లేదు. పాతిక కిలోమీటర్ల దూరంలో ఇచ్ఛాపురంలో తెగిన టికెట్టు ఉత్తరాంధ్ర, బరంపురంలో తెగిన టికెట్టు ‘రెస్ట్ ఆఫ్ ఇండియా’. ఢిల్లీ, ముంబయి, మనం, అంతా ఒకే సంచీ. నాకేం బాధ లేదు, కాస్త నవ్వొస్తుంది అంతే. అన్నట్టు అదే 1936లో ఒడియాలో మొదటి సినిమా కూడా వచ్చింది, అదీ సీతమ్మ పెళ్ళి కథే. ఎవరు ఏ భాషలో మొదలుపెట్టినా దేవుళ్ళతో, మాయలతో మొదలుపెట్టాల్సిందే.

అయితే చచ్చీ చెడీ తెలుగు షోకి వెళ్ళమని ఎందుకు చెప్తున్నాను, అందులో గొప్పేముంది అంటే, ఫాంటసీ సినిమాల్లో ఒక సంగతుంది. ఊళ్ళో జరిగే కథ సినిమా అయితే డబ్బింగులో పెద్దగా పోయేది లేదు. రాజులు, మాంత్రికులు, రాక్షసులు ఉన్న సినిమాలో మాత్రం మనుషులు మనం మాట్లాడే మాట మాట్లాడరు. గంభీరంగా, దీర్ఘాలు తీస్తూ, సమాసాలు కడుతూ మాట్లాడతారు. మన పిల్లలకి అలాంటి తెలుగు చెవిన పడే చోటు ఇంకేదీ లేదు. ఇంట్లో మనం మాట్లాడేది ‘ఏటి, ఎల్తన్నావా’ బాపతు, నేను దాన్ని తక్కువ చెయ్యడం లేదు, మన పక్కనే పర్లాకిమిడిలో కూచుని గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడింది వాడుక భాష కోసమే కదా. కానీ రెండోది కూడా చెవికి తెలిసి ఉండాలి. బళ్ళో తెలుగు పద్యం నేర్పేవాళ్ళు లేనప్పుడు రాక్షసుడి నోటి నుంచైనా వింటే నష్టమేంటి? మా ఎదురింటి గుంటడు ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం. తెలుగు గడగడా మాట్లాడతాడు, విజయనగరంలో ఉన్న మేనమామ కూతురికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజిలు కొడతాడు, కానీ తెర మీద తెలుగులో టైటిల్ పడితే ‘అత్తా, ఏం రాశారు’ అని అడుగుతాడు. వాడి పక్కన కూచునే మామ్మగారికేమో అక్షరాలు బ్రహ్మాండంగా వచ్చు, కళ్ళజోడు పెట్టుకున్నా తెర మీద చిన్న అక్షరాలు ఆనవు. ఒకరికి చూపు ఆనదు, ఇంకొకరికి అక్షరం రాదు. పెద్ద టైటిల్స్ మామ్మ చదివి పెడుతుంది. ‘మూడేళ్ళ క్రితం’, ‘వెయ్యేళ్ళ తరవాత’ అని మూలలో చిన్నగా వేసేవి, అవి ఇంగ్లీషులో కూడా పడితే మనవడు చదువుతాడు. రాక్షసుడు ఏదో సంస్కృతంలా అన్నప్పుడు ఏమన్నాడో మామ్మ చెప్తుంది, హీరో ఏదో వెలుగు గుండంలో దూకి వేరే కాలంలో తేలితే అదేంటో మనవడు చెప్తాడు. చివర్లో పేర్లు పడుతున్నప్పుడు లేచిపోకండి, ఇప్పుడు అసలు కథ ఆ పేర్ల తరవాతే ఇంకో ముక్క పెడుతున్నారు, అది చెప్పడానికి కూడా పిల్లలే కావాలి.

మా అత్తగారికి ఈ విషయంలో వేరే అభిప్రాయం ఉంది, అది రాయకపోతే ఊరుకోదు. ఆవిడకి ఇప్పటి గ్రాఫిక్స్ అంటే లోకువ. ‘అన్నీ చెయ్యగలిగితే ఇంక మాయేముందే’ అంటుంది. చిన్నప్పుడు చికిటి దగ్గర టూరింగ్ టాకీస్‌లో నేల మీద కూచుని పాతాళ భైరవి చూసిందట. అది 1951లో వచ్చిన సినిమా, ఆవిడ చూసేసరికి ఎన్ని ఊళ్ళు తిరిగొచ్చిన ప్రింటో, తెర మీద వాన పడుతున్నట్టు గీతలు. అయినా మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు కళ్ళు తిప్పితే పక్కనున్న అక్క చెయ్యి గిల్లేసిందట. 1957లో వచ్చిన మాయాబజార్ అయితే ఇప్పటికీ టీవీలో ఎప్పుడేసినా కదలదు. ఆ రెండిటికీ కెమెరా మార్కస్ బార్ట్‌లీ అని నేను చెప్తే, ‘ఎవరైతేనేం, లడ్డూలు ఎగిరి నోట్లో పడ్డాయి, అంతే’ అంది. 2010లో మాయాబజార్‌కి రంగులేశారు కదా, అది కూడా చూపించాను. పది నిమిషాలు చూసి ‘ఘటోత్కచుడికి ఈ రంగేంటి’ అని టీవీ కట్టించేసింది.

నేను ఆవిడతో పూర్తిగా ఒప్పుకోను. ఆ రోజుల్లో కూడా చేతిలో ఉన్న సాధనాలన్నీ వాడేశారు, వీళ్ళూ వాడుతున్నారు, అంతే. తేడా ఎక్కడొచ్చిందంటే ఇప్పుడు రాక్షసుణ్ణి తయారుచెయ్యడానికి ఏళ్ళు పడుతోంది, రాక్షసుడికి ఆకలేస్తే ఏం చేస్తాడో రాయడానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు. అప్పటి రాక్షసులకి పెళ్ళి భోజనం మీద మమకారం ఉండేది, తల్లి మాట వినేవాళ్ళు, కోపమొస్తే మన మావయ్యలాగే గదమాయించేవాళ్ళు. ఇప్పటివాళ్ళు గర్జించి, చచ్చిపోతారు. ఈ సినిమా ట్రైలర్లో మాత్రం రాక్షసుడు ఒకచోట నవ్వాడు, ఒక్క క్షణమే, అందుకే నాకు కొంచెం ఆశ. మా అత్తగారు కూడా ఆ ముక్క రెండుసార్లు పెట్టించుకుని చూసి ‘నవ్వు బాగుంది, చూద్దాం’ అంది. ఆవిడ దగ్గర అది పెద్ద సర్టిఫికెట్టే.

అసలు మాయలూ వేషాలూ ఈ జిల్లాకి ఎవరో తెచ్చి నేర్పాలా? బుఢీ ఠాకురాణి యాత్ర చూసినవాళ్ళకి తెలుసు. రెండేళ్ళకోసారి, అమ్మవారు గుడి నుంచి పుట్టింటికి వచ్చినట్టు దేశిబెహెరా వీధికి వచ్చి కూచుంటే, నెల దగ్గర దగ్గర ఊరంతా వేషాలే. మొక్కుకున్నవాళ్ళు రాముడు, రావణుడు, పులి, ఏది మొక్కితే అది కట్టుకుని వీధులు తిరుగుతారు. పులి వేషం కట్టిన కుర్రాడు మా అరుగు మీద కూచుని మజ్జిగ తాగడం నేను దగ్గర్నుంచి చూశాను. ఒంటికి పసుపు రంగు, దాని మీద నల్ల చారలు, చెమటకి చార పొట్ట మీదకి జారుతుంటే వాళ్ళమ్మ చేతిగుడ్డతో రంగు పోకుండా అద్దుతోంది, వాడేమో తోక ఎక్కడ తొక్కుతారోనని తోకని ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కనే ఎవరి పిల్లో ఆ తోకనే చూస్తూ ఏడుపు మొహం పెట్టింది. మనిషని తెలుసు, తోక గుడ్డదని తెలుసు, అయినా భయమే. అంతకన్నా ఏ సినిమావాడు చెయ్యగలడు?

పల్లెల్లో అయితే ప్రహ్లాద నాటకం ఉంది. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ రాసినదని చెప్తారు. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక, పై మెట్టు మీద హిరణ్యకశిపుడి సింహాసనం, రాత్రంతా ఆడతారు. పాటల్లో మన దక్షిణాది వాసన వినపడుతుంది. నరసింహుడి ముఖానికి ముందు పూజ చేసి, ఆఖర్న పెట్టుకుంటారు. పెట్టుకున్నవాడికి పూనకం వస్తుంది కాబట్టి పట్టుకోవడానికి నలుగురు మనుషులు పక్కనే కాచుకుని ఉంటారు. చిన్నప్పుడు మా మేనత్త ఊళ్ళో చూశాను, హిరణ్యకశిపుడు మెట్లు దిగుతూ వేసే అడుగుకి బల్లలు అదిరేవి. ఏడెనిమిది స్పీకర్లు చుట్టూ పెట్టి హాల్లో ఇచ్చే చప్పుడు కూడా నాకు అంత దడ పుట్టించలేదు. ఇది చూడనివాళ్ళు సినిమా తరవాత ఇది కూడా చూడండి, దీనికి టికెట్టు ఎప్పుడూ లేదు.

సరే, పనిలో పడదాం. కొన్ని విషయాలు ముందే తెలిస్తే అక్కడికొచ్చి గొడవపడక్కర్లేదు.

సినిమాకి యూఏ 13+ ఇచ్చారు. ఇదివరకు అంతా ఒకే యూఏ ఉండేది, 2024 నుంచి దాన్ని 7+, 13+, 16+ అని మూడు చేశారు. 13+ అంటే అంతకన్నా చిన్నపిల్లల్ని గేటు దగ్గర ఆపేస్తారని కాదు, చూపించాలా వద్దా అన్నది తల్లిదండ్రులు ఆలోచించుకోమని. ఆపేసేది ‘A’ సర్టిఫికెట్టుకి, పద్దెనిమిది నిండాలి. కాబట్టి పదేళ్ళ పిల్లని తీసుకొస్తామంటే ముందు వాళ్ళమ్మానాన్నల్ని అడిగి తీసుకురండి, నన్ను కాదు. మూడు నాలుగేళ్ళవాళ్ళని మాత్రం వద్దు, చీకటీ చప్పుడూ తట్టుకోలేరు, ఏడుస్తారు, మీరు బయట నిలబడాలి, టికెట్టు వృథా.

చప్పుడు అంటే గుర్తొచ్చింది, పెద్దవాళ్ళకి దూది తెచ్చుకోమని చెప్పండి. నవ్వకండి. మా అత్తగారు క్రితంసారి దూది పెట్టుకునే చూసింది, డైలాగులు అన్నీ వినపడ్డాయంది, అంత వాల్యూమ్ పెడుతున్నారు. సీట్లు బాల్కనీలో తీసుకోలేదు, అది పైన, మెట్లు ఎక్కాలి. కింద క్లాసులో వెనక వరసలు రెండు అడిగి తీసుకున్నాను, తలుపు దగ్గర, బాత్‌రూముకి వెళ్ళిరావడం సుళువు. ధర కూడా వంద లోపే. వంద దాకా ఉన్న టికెట్టుకి పోయిన ఏడాది, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, వంద దాటితే పాత 18 శాతమే. చిట్టీ డబ్బులతో పైన కూచుని ఎక్కువ పన్ను కట్టడం నాకిష్టం లేదు.

త్రీడీ కాదు, మామూలుదే, అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను. నాకూ అదే నయం అనిపించింది, కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకోవడం పెద్దవాళ్ళకి నరకం. మన దేశంలో మొదటి త్రీడీ సినిమా 1984లో మలయాళంలో వచ్చి, తెలుగులో చిన్నారి చేతన అయింది కదా, అదీ ఫాంటసీయే, కుట్టిచాతన్ అనే పిల్లభూతం కథ. దాన్ని విశాఖలో చూసినప్పుడు మా అత్తగారు తెర మీంచి వస్తున్నదేదో పట్టుకోబోయి ముందు సీటాయన జుట్టు పట్టుకుందని మా మావయ్యగారు బతికున్నన్నాళ్ళూ చెప్పేవారు. ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

శుక్రవారం మొదటి షోకి తీసుకోకుండా ఆదివారం మ్యాట్నీకి ఎందుకు తీసుకున్నావని చిట్టీలో కొందరికి కినుక. ఇప్పుడు సినిమా రీలు పెట్టెల్లో రాదు. ఫైలుగా వస్తుంది, దానికి తాళం వేసి ఉంటుంది, ఆ తాళం తెరిచే కీ విడిగా వస్తుంది. ఏ హాలు, ఏ మిషను, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అన్నది ఆ కీలోనే ఉంటుంది. హిందీకి వేరే కీ, తెలుగుకి వేరే కీ. పైన డబ్బుల లెక్కలు తేలకపోతే కీ ఆగిపోతుంది, ఇక్కడ జనం గేటు దగ్గర ఎండలో నిలబడతారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళతో అలాంటి పని పెట్టుకోను. పైగా మొదటి రోజు తోపులాట. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ప్రీమియర్ షో దగ్గర తొక్కిసలాటలో ఒకావిడ చనిపోయింది, వాళ్ళ అబ్బాయి చావుబతుకుల్లో ఆసుపత్రిలో పడ్డాడు. సినిమాకి వెళ్ళిన తల్లీ కొడుకు. అది చదివినప్పటి నుంచి మొదటి రోజు షో అంటే నాకు టెన్షన్. ఆదివారం మధ్యాహ్నానికి ఆ హడావిడి అంతా చల్లబడుతుంది.

మ్యాట్నీ అయితే ఇంకో సుఖం, సాయంత్రం ఆరు లోపే బయటపడతాం. చికిటి, గిరిసోల, గోపాలపురం వైపు నుంచి వచ్చేవాళ్ళు చీకటి పడకుండా బస్సు పట్టుకోవచ్చు. బయట తిండి లోపలికి తేనివ్వరు, వాళ్ళు అమ్మేది కొనాలి, ఇంటర్వెల్లో పాప్‌కార్న్ ధర చూసి పెద్దవాళ్ళు గుండె పట్టుకోకుండా పిల్లలు చూసుకోవాలి. షుగరున్నవాళ్ళు మాత్రం ఒక బిస్కెట్ పొట్లం జేబులో పెట్టుకోండి, అడిగితే మందు అని చెప్పండి, నిజమే కదా.

పిల్లలకి ఒక ముఖ్యమైన మాట. హాల్లో ఫోన్ ఎత్తి తెరని వీడియో తియ్యకండి. హీరో ఎంట్రీ తీసి స్టేటస్ పెడదామని అందరూ తీస్తారు, తెలుసు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని మార్చారు, హాల్లో సినిమాని రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, జరిమానా మూడు లక్షల నుంచి మొదలు, పైన సినిమా ఖర్చులో 5 శాతం దాకా పోవచ్చు. పది సెకన్ల స్టేటస్‌కి పోలీసులు వస్తారని కాదు, కానీ నేనిచ్చిన టికెట్టు మీద కూచుని ఆ పని చేస్తే మాత్రం మామ్మగారితో చెవి మెలిపెట్టిస్తాను.

ఈ రెండు రోజుల్లో ఎవరెవరు అడిగారో కూడా చెప్తాను, సరదాగా ఉంటుంది. ఫ్రీ అనగానే ‘నాకొకటి, మా అన్నకొకటి’ బాపతు చాలామంది తగిలారు. ఒకాయన అయిదు అడిగాడు, పెద్దవాళ్ళెవరండీ అంటే ‘నేనే పెద్దవాణ్ణి’ అన్నాడు, ముప్ఫై కూడా ఉండవు. ఇంకొకావిడ ‘తెలుగు షో ఎందుకండీ, మా వాడికి హిందీ అయితేనే బాగా అర్థమవుతుంది’ అంది, ఆ వాడు నాతో అప్పటిదాకా తెలుగులోనే క్రికెట్ గురించి వాదిస్తున్నాడు. గోసానినువాగాం నుంచి ఒక తాతగారు ఫోన్ చేసి, ‘మనవడు కటక్‌లో చదువుతున్నాడమ్మా, సెలవులకి వస్తేనే నాతో మాట్లాడతాడు, వాణ్ణి తెలుగు షోకి రమ్మంటే వస్తాడా’ అని అడిగారు. రెండు పక్కన పెట్టేశాను ఆయనకి. వస్తే వస్తాడు, రాకపోతే ఆయనొక్కరే వచ్చినా నా ఎదురింటి గుంటడి తమ్ముణ్ణి పక్కన కూచోబెడతాను, వాడికి వాగడం అంటే ప్రాణం.

ఒక్కటి మాత్రం బతిమాలుకుంటున్నాను. తీసుకున్నవాళ్ళు రండి. డబ్బు పెట్టి కొంటే జ్వరమొచ్చినా వెళ్తాం, ఊరికే వచ్చిన టికెట్టయితే వాన చినుకు పడితే చాలు మానేస్తాం, మన సంగతి మనకి తెలీదా. హాలువాళ్ళకి డబ్బులు ఎలాగూ ముట్టాయి, వాళ్ళ పుస్తకంలో ఆ సీట్లు నిండినట్టే. కానీ సోమవారం నుంచి తెలుగు షో ఉంచాలా వద్దా అని చూసే మేనేజరు పుస్తకం ఒక్కటే చూడడు, తలుపు తీసి లోపలికి కూడా చూస్తాడు. వెనక రెండు వరసలు ఖాళీగా కనపడితే ఇన్ని టికెట్లు కొని ఏం లాభం? రాలేమని తెలిస్తే శనివారం రాత్రిలోపు చెప్పెయ్యండి, నేనేమీ అనుకోను, ఇంకెవరికైనా ఇస్తాను.

నా నంబరు తెలిసినవాళ్ళు నేరుగా మెసేజ్ పెట్టండి, తెలియనివాళ్ళు మా వీధిలో ఎవరినైనా అడిగితే చెప్తారు. పెద్దవాళ్ళ పేరూ పిల్లల పేరూ చెప్తే చాలు. టికెట్లు ముందే ఇళ్ళకి పంపను, ఫొటో తీసి కూడా పంపను, ఒకటి పంపితే అది పది చోట్లకి పోతుంది. చించే కాగితం టికెట్లే, నా పర్సులో ఉంటాయి. ఆదివారం రెండింటికి గేటు పక్కన సైకిల్ స్టాండు దగ్గర నేనూ మా అత్తగారూ ఉంటాం, ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. షో రెండున్నరకి. రెండూ ఇరవై దాకా చూస్తాను, అప్పటికీ రాకపోతే ఆ జంట టికెట్లు క్యూలో దొరకనివాళ్ళు ఎవరుంటే వాళ్ళకి ఇచ్చేస్తాను, తరవాత వచ్చి నా మీద అలగొద్దు.